నానిన కొమ్ము

మా లింగరాజు మావ
దువ్వెనలు కోసే కొమ్ముల మధ్య
అయిదు లీటర్ల డబ్బా పెట్టుకుని కూర్చునేవాడు.
మూతికి సుతిలి తాడు, తాడుకి స్టీలు గ్లాసు.
గంటకోసారి కాదు, మాటకోసారి తాగేవాడు.

కారణం ఉంది.
పర్లాకిమిడి దాటితే పాతపట్నం,
అక్కణ్ణించి బస్సెక్కి పోతే ఉద్దానం.
అక్కడ మావ తోడల్లుడు కూర్మయ్య
నలభై నాలుగేళ్లకే
వారానికి రెండుసార్లు సూదుల మంచానికి అతుక్కుని
చివరికి ఆ మంచాన్నీ వదిలేశాడు.
పెద్దకర్మ నాడు విస్తరి ముందు ఎవరో అన్నారు:
"నీళ్లు తక్కువ తాగేవోడురా."
ఆ ఒక్క ముక్క
మావ చెవిలో పడి మొలకెత్తింది.

మొదట ఉప్పు మానేశాడు.
ఎండుచేపల సంత రోజున
ముక్కు మూసుకుని అడ్డదారిన వచ్చేవాడు.
"రోగమొచ్చినోడి తిండి
రోగం రాకముందే తింతన్నావేటి?" అనేది అత్త.
మావ నవ్వి గ్లాసు నింపుకునేవాడు.

నేను పనిలో చేరిన రోజు
మావ చెప్పిన పాఠం ఇదీ:
కొమ్ముని నానబెట్టకపోతే ఆకురాయి కింద పెళుక్కున విరుగుతుంది.
నానబెడితే లొంగుతుంది.
మరీ నానిందా,
పొరలుపొరలుగా విచ్చుకుని
కొంగా అవ్వదు, కొమ్ముగానూ మిగలదు.
"ఎప్పుడు తియ్యాలో తెలిసినోడే పనోడు."

వైశాఖంలో ఓ మధ్యాహ్నం
సగం చెక్కిన రొయ్యని చేతిలో తిప్పి చూసి
"ఇదేటిరా?" అని నన్నడిగాడు.
ముప్ఫై ఏళ్లుగా ఆ మీసాలు లాగిన చెయ్యి అది.
తలనొప్పి అన్నాడు. తాగాడు.
వాంతి చేసుకున్నాడు, అంతా నీళ్లే. మళ్లీ తాగాడు.
నన్ను "కూర్మయ్యా" అని పిలిచాడు.
దీపాలవేళకి చాప మీద
కట్టెలా బిగిసి, పళ్లు కరుచుకుని, కొట్టుకున్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పేరు పాణిగ్రాహి.
మనకి పాణి అంటే చెయ్యి,
వాళ్లకి పాణి అంటే నీళ్లు.
ఆవిడ మావ చెయ్యి పట్టుకునే అడిగింది:
"కేతే పాణి?"
అత్త వేళ్లు లెక్కపెట్టింది. చాల్లేదు.
"డబ్బా" అంది. కాసేపాగి, "రెండు డబ్బాలు."

రక్తం కాగితం మీద నూటపన్నెండు.
ఉండాల్సింది నూటముప్పై అయిదు పైన.
ఒంట్లో ఉప్పు పలచనై
నీరు మెదడులోకి చేరి ఉబ్బిందట.
పుర్రె సాగదు కదా, అంది
సగం ఒడియాలో, సగం మన భాషలో.
మరి కిడ్నీలు?
బాగానే ఉన్నాయి.
గంటకి ఇంతని తోడిపోస్తాయి,
ఏటినంతా కుమ్మరిస్తే అవి మాత్రం ఏం చేస్తాయి?
కూర్మయ్యకి నీళ్లు చాలకేనా అలా అయ్యింది, అని నేనడిగాను.
ఆవిడ పెన్ను మూత పెట్టింది.
"ఎందుకో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు బాబూ."

చుక్కచుక్కగా ఎక్కించారు ఉప్పునీరు.
తొందరపడితే అది ఇంకో ప్రమాదమట.
ఇంటికెళ్లి ఆవకాయ జాడీ తెస్తానని లేచిన అత్తని
నర్సు గుమ్మం దగ్గర ఆపింది.

మూడోనాడు కళ్లు తెరిచి
మావ అడిగింది నీళ్లే.
ఎవరం కదల్లేదు.
దాహమన్న మనిషి చుట్టూ
నలుగురం చేతులు కట్టుకు నిలబడటం
నేనెక్కడా చూళ్లేదు, వినలేదు.
దగ్గుమందు సీసా మూతతో నర్సు కొలిచి పోసింది.
అత్త గోడ వైపు తిరిగింది.

చీటీలో మందుల కింద ఒక మాట.
అత్త వేలు పెట్టి రెండుసార్లు చదివించుకుంది:
లుణ. ఉప్పు.
దాహమేస్తేనే నీళ్లు, అని దాని పక్కన.

ఇప్పుడా డబ్బా మూతి కోసేసి
అందులో కొమ్ములు నానేస్తున్నాం.
మావ గోటితో ఒక్కోదాన్ని నొక్కి చూసి
"ఇది చాలు. తియ్" అంటాడు.
బయట ఎండ రేకుల్ని కాలుస్తోంది.
నాకు నాలుక పిడచకట్టుకుపోతోంది,
ఆయన ముందు గ్లాసెత్తడానికి
ఎందుకో మొహమాటం.